చప్పట్లు లేని తూకం

గడియ తీయనంటే తీయనంది వదిన.

బయట అత్తగారు తలుపు తట్టి తట్టి చెయ్యి నొప్పెట్టి, అరచేతిని రెండో చేత్తో నొక్కుకుంటూ నిలబడింది. కాలనీ అంతా నర్సమ్మ అని పిలిచే మనిషి. నర్సు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, మానేశాక కూడా, ఆవిడ తలుపు తడితే తెరవని ఇల్లు లేదు. అలాంటిది ఇవాళ సొంత ఇంట్లో సొంత కోడలు మనవరాలిని లోపల పెట్టుకుని గడియ వేసుకుంది.

"పాపకి ఒక గౌను తొడగడానికి ఎంతసేపమ్మా? అవతల హాల్లో కుర్చీలు కూడా వేసేశారు," అంది గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గించిందంటే కోపం నషాళానికి అంటిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. పాప కూడా ఏడవడం లేదు.

కొడుకు గోడకి ఆనుకుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. ఆ గుండీ ఎప్పుడో పెట్టేశాడు, మళ్ళీ విప్పి మళ్ళీ పెడుతున్నాడు. నువ్వైనా నీ పెళ్ళానికి చెప్పరా అని తల్లి అంటే నీళ్ళు నమిలాడు. నిన్నటి నుంచీ చెబుతూనే ఉన్నాననీ, గోడకి చెప్పినట్టుందనీ, అసలు సంగతేమిటో తనకే అంతుపట్టడం లేదనీ గొణిగాడు. పాపం, అతను చెప్పింది నిజమే. కట్టుకున్నవాడికి తెలియని సంగతి ఆ గదిలో ఉంది.

తెలిసిన మనిషి వదిన కాక ఇంకొక్కతే. ఆ ఒక్కతీ వంటింటి గుమ్మంలో భుజానికి సంచీ తగిలించుకుని, కాలేజీ కార్డు మెళ్ళో వేసుకుని, కక్కలేక మింగలేక నిలబడి ఉంది. ఇంట్లో అందరూ చిన్ని అని పిలిచే పిల్ల, వదినకి ఆడపడుచు. పబ్లిక్ హెల్త్ చదువుతోంది. చదువులో ఆఖరి మెట్టు మీద ఉంది, ఆ మెట్టు మీదే కాలు జారేలా ఉంది.

"పోయినసారి పాపకి జలుబన్నావు. అంతకు ముందుసారి పుట్టింటికి వెళ్ళావు. సరే అన్నాను," నర్సమ్మ తలుపుతోనే మాట్లాడుతోంది. "ఇవాళ కూడా మనింటి పిల్లే రాకపోతే నేను ఊళ్ళో తల్లులకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అప్పుడు లోపలి నుంచి గొంతు వినిపించింది. ఏడుస్తున్న గొంతు కాదు, చాలా మామూలు గొంతు.

"నేను పాపని తూకానికి తీసుకురాను అత్తయ్యా. మీరు వెళ్ళండి."

నర్సమ్మ ఆ మాటకి వెనక్కి ఒక అడుగు వేసింది. ఆవిడ చూపు చిన్ని మీదకి మళ్ళింది.

ఇవాళ పై ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. పసిపిల్లల బరువు చూసే, కాలనీలో నర్సమ్మ తూకం అని పేరు పడ్డ ఈ పనిని ఊరంతటా, ప్రతి కాలనీలోనూ పెట్టాలా వద్దా అన్నది ఇవాళే తేలుతుంది. ఆవిడ ఉద్యోగమంతా ఒక ఎత్తు, ఈ ఒక్క రోజు ఒక ఎత్తు. ఆ పనిని పరీక్షించి నాలుగు మాటలు చెప్పాల్సింది ఎవరంటే, కాలేజీ తరఫున మూల్యాంకనం చేసిన విద్యార్థిని. అంటే కడుపున పుట్టిన కూతురే.

"నీ రిపోర్టు అయిపోయిందా?" అంది తల్లి.

అయిపోయిందన్నట్టు చిన్ని తలూపింది.

"నన్ను పొగడమనడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

చిన్ని భుజం మీది సంచీ పట్టీ సర్దుకుంది. తిట్టినా బాగుండేది, బతిమాలినా బాగుండేది. ఇంత నమ్మకంగా అడిగితే ఏం చెయ్యాలి?

ఆఫీసరు వచ్చేలోగా పాప హాల్లో ఉండాలనీ, లేకపోతే ఈ ఇంట్లో తను ఇక నోరెత్తననీ చెప్పి నర్సమ్మ చెప్పులు వేసుకుంది. కొడుకు తూకం యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తుకుని తల్లి వెనకాలే నడిచాడు. గుమ్మం దాటుతూ చెల్లెలి కేసి ఒక చూపు చూశాడు. ఎలాగైనా నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్న చూపు. ఆ ఇంట్లో అందరూ ఆ పిల్లకే పని అప్పజెప్పేవాళ్ళే.

*

నిజం చెప్పాలంటే, మొదట్లో చిన్ని ఈ పనిని చాలా తేలిగ్గా తీసుకుంది.

మూల్యాంకనం అన్న పాఠం అంటేనే ఆ పిల్లకి చిరాకు. ఎండనక వాననక తిరిగి పని చేసేవాళ్ళు చేస్తుంటే, ఒడ్డున నిలబడి వంకలు పెట్టే పని ఇది అని స్నేహితురాళ్ళతో పెదవి విరిచేది. మిగిలిన వాళ్ళు ఎక్కడెక్కడో దోమల మందు చల్లడాన్నీ, నీళ్ళ ట్యాంకుల్నీ పరీక్షించడానికి వెళితే, తను మాత్రం అమ్మ తూకాన్ని ఎంచుకుంది. ఇంట్లో కూర్చుని టీ తాగుతూ ముగించేయొచ్చు కదా అని. అన్నయ్య అప్పుడే ఆ పిల్లకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టి, రోజూ లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవాడు.

తూకం రోజున హాలుకి వచ్చిన తల్లులందరినీ అడిగింది. అందరూ నవ్వుతూ జవాబు చెప్పారు. పిల్లలందరూ బరువు పెరిగారు. ఒక్కరంటే ఒక్కరు కూడా తక్కువ లేరు. చిన్నికి తల్లి మీద గర్వం పొంగుకొచ్చింది. అదంతా చక్కగా రాసి తీసుకెళ్ళి కాలేజీలో పాఠం చెప్పే మేడం ముందు పెట్టింది.

మేడం మితభాషి. కాగితాలన్నీ తిప్పి, కళ్ళజోడు తీసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"వచ్చినవాళ్ళంతా పెరిగారు, బావుంది. పెరగనివాళ్ళు ఎటుపోయారు?"

చిన్ని కాగితాలు తిరిగి సంచీలో పెట్టుకుంది. ఇంటికొచ్చి తల్లినడిగితే, వాళ్ళు ఊరు మారిపోయి ఉంటారనీ, పనుల కోసం వచ్చిన జనం ఒకచోట ఉండరనీ చెప్పింది. నర్సమ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడ మనస్ఫూర్తిగా అలాగే అనుకుంటోంది. రానివాళ్ళని వెళ్ళి చూడాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. హాలు నిండుగా ఉన్నప్పుడు ఖాళీ కుర్చీ ఎవరికి కనిపిస్తుంది?

సరే చూద్దామని చిన్ని తిరగడం మొదలుపెట్టింది. మొదటి వీధిలోనే తేలిపోయింది. ఎవరూ ఊరు మారలేదు.

వాళ్ళలో ఒకావిడ ఇస్త్రీ బండి నడుపుతుంది. బండి పక్కనే చెక్కపెట్టెలో గుడ్డలు పరిచి బిడ్డని పడుకోబెట్టుకుంది. నర్సమ్మ కూతురని తెలియగానే ముఖం మాడ్చుకుంటుందేమో అనుకుంటే, కూర్చోమని స్టూలు తుడిచి ఇచ్చింది. మీ అమ్మగారు దేవత, ఒక్క మాట అనలేదు అంది. మరి ఎందుకు మానేశావు అక్కా అంటే చాలాసేపు చొక్కా కాలరు మీదే ఇస్త్రీ పెట్టె తిప్పింది.

"అందరూ చేతులు దించుకుంటారమ్మా," అంది చివరికి.

చిన్నికి అర్థం కాలేదు. ఒక్క క్షణం తర్వాత అర్థమైంది.

నర్సమ్మ తూకంలో ఒక పద్ధతి ఉంది. బిడ్డని పళ్ళెంలో పడుకోబెట్టి, ముల్లు నిలకడగా ఆగాక, బరువు ఎంతో ఆవిడ గట్టిగా చదువుతుంది. పోయినసారి కంటే పెరిగితే హాలంతా చప్పట్లు. తొలి రోజుల్లో తల్లులు రావడానికి సిగ్గుపడేవారు. ఈ చప్పట్లు పెట్టాక తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. ఆ పద్ధతి నర్సమ్మ సొంత బుర్రలో పుట్టింది, దానివల్ల ఎందరో పిల్లలు నిలదొక్కుకున్నారు. అదీ నిజమే.

పెరగకపోతే ఆవిడ ఏమీ అనదు. వచ్చేసారి చూద్దాం తల్లీ అని మెత్తగా అంటుంది. కానీ చప్పట్లకి లేచిన చేతులన్నీ అప్పుడు ఒళ్ళోకి దిగుతాయి. అందరూ నేల చూపులు చూస్తారు. అంతమంది మధ్యలో, ఆ మౌనంలో, తల్లి బిడ్డని పళ్ళెంలోంచి తీసుకుని తన కుర్చీ దాకా నడిచి వెళ్ళాలి. రెండోసారి ఆ నడక నడవడానికి ఎవరు వస్తారు?

"మరిప్పుడు బరువు చూపించడం మానేశావా అక్కా?"

"మానేస్తానా? పాత సామాన్ల కొట్లో చూస్తాం. ఆయన పైకి చదవడు."

ఆ మాట విన్న సాయంత్రమే చిన్ని ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. అంటే నిన్న. తుప్పు పట్టిన ఫ్యాన్లు, సీసాల గోతాలు, తాడుతో కట్టిన పేపర్ల కట్టలు, వాటి మధ్య ఇనుము తూచే పెద్ద కాటా. కొట్టు యజమాని కాటా మీద శుభ్రమైన కాగితం ఒకటి పరిచి, బిడ్డ తల్లికి వీపు పెట్టి నిలబడ్డాడు. తల్లి వంగి ముల్లు చూసుకుంటోంది. ఆ వంగిన మనిషి తలెత్తి చిన్నిని చూసింది.

ఆ తల్లి వదిన.

ఎవరికీ చెప్పకు అని ఒక్క మాట అంది వదిన. చెప్పనని చిన్ని మాటిచ్చింది. దారంతా ఇద్దరూ నోరు మెదపకుండా పక్కపక్కనే నడిచి ఇంటికొచ్చారు.

*

అత్తగారి అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగిందని రూఢి చేసుకున్నాక వదిన గడియ తీసింది.

గదిలో మంచం మీద పాప మేలుకునే ఉంది. కాళ్ళు ఆడించడం లేదు. చిన్ని ఒళ్ళోకి తీసుకుంది. రోజూ ఎత్తుకునే పిల్లే. రోజూ ఎత్తుకోవడం వల్లే కాబోలు, ఇంత తేలిగ్గా ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. చదువుకున్నదాన్ని, ఇంట్లో ఉన్నదాన్ని, నాకు కళ్ళు లేవా అని తనని తానే తిట్టుకుంది.

"ముల్లు రెండుసార్లు అక్కడే ఆగింది," అంది వదిన. "నిన్న వెనక్కి వచ్చినట్టనిపించింది. ఆ కాటా సరిగ్గా లేదేమో అనుకున్నాను."

"అది ఇనుము తూచేది వదినా. పసిపిల్లలో తేడా దానికి ఎలా తెలుస్తుంది?"

"తెలుసు. నాకు మాత్రం తెలియదా?" వదిన దుప్పటి అంచు లాగి సరిచేసింది. "మీ అమ్మ మనవరాలు పెరగలేదని అంతమందిలో ఎలా చదివించను చిన్నీ? నన్ను ఏమీ అనరు. అదే నాకు భయం."

చిన్ని పాప మణికట్టు పట్టి చూసింది. పాపని ఇవాళే, ఇప్పుడే డాక్టరుకి చూపించాలంది. ఏ డాక్టరుకి అని వదిన ఎదురడిగింది. ఊళ్ళో ఏ ఆస్పత్రి మెట్టెక్కినా నర్సమ్మ కోడలు వచ్చిందని సాయంత్రానికల్లా ఇంటికి కబురు చేరుతుందనీ, అందుకే కదా ఇన్నాళ్ళూ కాళ్ళు కట్టేసినట్టు కూర్చున్నాననీ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. అప్పుడు చిన్ని తమ కాలేజీ ఆస్పత్రిలో పిల్లల డాక్టరు ఉందని చెప్పింది. ఆవిడకి అమ్మ ఎవరో తెలియదు. బస్సు హాలు ఎదురుగా ఆగుతుంది.

వదిన కళ్ళు తుడుచుకుంది. పాప గుడ్డలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూ సర్దుతూ ఆగి, రిపోర్టులో ఏం రాశావని అడిగింది.

రానివాళ్ళ సంగతంతా రాశానని చిన్ని ఒప్పుకుంది. ఎవరి పేరూ రాయలేదనీ, కాని అమ్మ ముందు నిలబడి చదవడానికి నోరు రావడం లేదనీ, ఇవాల్టికి మంచి మాత్రమే చెప్పి మిగతాది తర్వాత మెల్లగా ఇంట్లో చెప్పొచ్చు కదా అనిపిస్తోందనీ అంది.

వదిన సంచీ జిప్పు లాగింది.

"తర్వాత అంటే ఎప్పుడు? ఈ చప్పట్లు ఊరంతా మోగాకా?"

చిన్ని తలదించుకుంది.

"చెప్పు చిన్నీ. నా సంగతి మాత్రం అక్కడ ఎత్తకు. మిగిలినవాళ్ళ కోసం చెప్పు."

*

చిన్ని వెళ్ళేసరికి హాలు కిటకిటలాడుతోంది. ఆఫీసరు ముందు వరసలో కూర్చున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఎవరిచ్చిన టీ అయినా కాదనకుండా తాగుతున్నాడు. కోడలు రాలేదని కొడుకు వచ్చి చెవిలో చెప్పినప్పుడు నర్సమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. నవ్వుతూనే ఇంకొక బిడ్డని పళ్ళెంలోకి తీసుకుంది.

బరువు చదివింది. చప్పట్లు మోగాయి. ఇంకో బిడ్డ. మళ్ళీ చప్పట్లు. ఆఫీసరు కూడా కొట్టాడు, ముచ్చటపడి పక్కవాళ్ళతో ఏదో అన్నాడు.

పోయిన తూకం దాకా చిన్ని కూడా ఆ చప్పట్లలో చెయ్యి కలిపేది. ఇవాళ గుమ్మం దగ్గర నిలబడి పళ్ళెం కేసి కాక, వరసలో వేచి ఉన్న తల్లుల కేసి చూసింది. ఒక పడుచుపిల్ల, కొత్తగా తల్లి అయినట్టుంది, బిడ్డకి వేసిన గుడ్డ మీద గుడ్డ సర్దుతోంది. బరువెక్కువ చూపించాలని కాబోలు. నర్సమ్మ ఆ గుడ్డలన్నీ విప్పించింది, అది రూలు. ముల్లు ఆగింది. ఆవిడ చదివింది.

చేతులు దిగాయి.

వచ్చేసారి చూద్దాం తల్లీ అంది నర్సమ్మ, ఎప్పటిలాగే మెత్తగా. ఆ పిల్ల బిడ్డని తీసుకుని కుర్చీ దాకా కూడా వెళ్ళలేదు. గోడ వారనే నడిచి చిన్ని పక్కనుంచి బయటికి వెళ్ళిపోయింది. పక్క వరసలో ఎవరూ తల తిప్పలేదు. ఇంకో బిడ్డ పళ్ళెంలోకి వచ్చింది, చప్పట్లు మోగాయి. అప్పటిదాకా చిన్నిలో ఉన్న తటపటాయింపు ఏదో అక్కడితో ఆగిపోయింది.

తూకాలు ముగిశాక ఆఫీసరు లేచి, కాలేజీ నుంచి పరీక్షించిన అమ్మాయి మాట్లాడాలన్నాడు. నర్సమ్మ కూతురి కేసి చూసి కళ్ళతోనే రమ్మంది.

చిన్ని ముందుకొచ్చింది. కాగితాలు తీయలేదు. మొదట మంచే చెప్పింది, ఎందుకంటే అది నిజం. వచ్చిన పిల్లలు పెరిగారనీ, తల్లులకి ఇక్కడ ధైర్యం దొరికిందనీ అంది. నర్సమ్మ ముఖం విప్పారింది. ఆ ముఖాన్ని చూస్తూ మిగతాది చెప్పడం ఆ పిల్ల జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని.

"కానీ పిల్లలు పెరగని తల్లులు ఇక్కడికి రావడం మానేశారు. నేను కలిసినవాళ్ళెవరూ ఊరు మారలేదు. ఇదే కాలనీలో ఉన్నారు. బరువు గట్టిగా చదవడం, చప్పట్లు, వీటికి భయపడి రావడం లేదు. ఎవరికి మన అవసరం ఎక్కువో వాళ్ళే మనకి దూరమయ్యారు. వచ్చినవాళ్ళనే లెక్కపెట్టుకుని మనం సంతోషపడుతున్నాం."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆఫీసరు టీ కప్పు కింద పెట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అంది నర్సమ్మ.

"వాళ్ళే చెప్పారమ్మా."

"నేను ఎవరినైనా ఒక్క మాట అన్నానా? ఇన్నేళ్ళలో ఒక్క తల్లినైనా కసిరానా?"

"లేదమ్మా. అదీ వాళ్ళే చెప్పారు."

"మరింకేం?"

ఏమీ అనకపోవడం కూడా గుచ్చుకుంటుందని తల్లికి ఇంతమందిలో ఎలా చెప్పాలి? ఆఫీసరు కల్పించుకుని, ఇది చాలా పెద్ద మాట అనీ, ఏ ఆధారంతో అంటున్నావో కాస్త వివరంగా చెప్పాలనీ మర్యాదగానే అడిగాడు. ఇళ్ళకి వెళ్ళి అడిగానని చిన్ని చెప్పింది. అయితే ఒకరి పేరు చెబితే పిలిపించి మాట్లాడతానన్నాడు.

"పేర్లు చెప్పనని మాటిచ్చానండీ."

నర్సమ్మ నవ్వింది. చిన్నప్పటి నుంచీ ఆ నవ్వు చిన్నికి తెలుసు. లోపల దెబ్బ తగిలినప్పుడే ఆవిడ అలా నవ్వుతుంది.

"ఒక్కరి పేరు చెప్పలేవు. ఒక్కరంటే ఒక్కరు. అయితే అలాంటివాళ్ళు లేరు."

చిన్ని గొంతులో ఇస్త్రీ బండి ఆవిడ పేరు ఉంది. చెబితే అంతా ఇప్పుడే తేలిపోతుంది. అంతకంటే దగ్గర పేరు ఇంకోటి కూడా ఉంది. చెబితే తల్లి ఈ క్షణమే నమ్ముతుంది. పళ్ళు బిగపట్టుకుని ఊరుకుంది. తనని నమ్మి తలుపు తీసిన వాళ్ళని ఇలా నలుగురిలోకి ఈడ్చాక, ఇంకో తలుపు ఎవరు తీస్తారు?

"చూశారు కదండీ," అని నర్సమ్మ ఆఫీసరు వైపు తిరిగింది. "చిన్నపిల్ల. చదువుకున్నదాన్ని కదా అని ఏదో ఒక తప్పు చూపించాలనుకుంది."

"ఉన్నాం అత్తయ్యా."

గుమ్మంలో వదిన. భుజాన సంచీ, చేతుల్లో పాప. హాలు ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ మనిషికి కిటికీలోంచి అన్నీ వినబడ్డాయి కాబోలు.

"నేనూ వాళ్ళలో ఒకదాన్నే. పాపని పాత సామాన్ల కొట్లో తూయించాను."

ఎక్కడో వెనక వరసలో ఎవరో అయ్యో అన్నారు. నర్సమ్మ పాపని చూసింది. కోడలు జలుబనీ, నిద్రపోతోందనీ చాలా రోజులుగా ఆవిడ చేతికి ఇవ్వని పాప. ఆవిడ నర్సు. ఎంత పని చేసిన చేతులు, ఎంతమంది పిల్లల్ని చూసిన కళ్ళు! దూరం నుంచే ఆవిడకి తెలిసిపోయింది.

"ఇలా ఇవ్వు," అంది చేతులు చాచి. "ఇలా ఇవ్వమ్మా, నేను చూస్తాను."

"ఇస్తాను. ముందు వీళ్ళందరినీ బయటికి పంపండి."

అంతే అడిగింది వదిన. పెద్ద కోరికేం కాదు. అమ్మా, అందరూ కాస్త బయటికి వెళ్ళండి అంటే సరిపోయేది. నర్సమ్మకి మనవరాలంటే ప్రాణం, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ క్షణంలో, చేతులు చాచి ఉండగానే, ఆవిడ కళ్ళు ఆఫీసరు వైపు వెళ్ళాయి. వెళ్ళి, ఆయన ముఖంలో ఏదో వెతికి, తిరిగొచ్చాయి.

తిరిగొచ్చేసరికి వదిన పాపని భుజానికి హత్తుకుంది. బయట బస్సు హారన్ మోగింది. ఇంకేమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొడుకు కుర్చీలు తన్నుకుంటూ వెనకాలే పరిగెత్తాడు. కదులుతున్న బస్సు మెట్టు మీద అతను కాలు పెట్టడం కిటికీలోంచి అందరికీ కనిపించింది.

"అందరూ బయటికి వెళ్ళండమ్మా," అంది నర్సమ్మ. అప్పుడు అంది.

జనం లేచారు. ఎవరి బిడ్డల్ని వాళ్ళు సర్దుకుని, ఒకరినొకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు. హాల్లో తల్లీ కూతుళ్ళూ, ఎటూ వెళ్ళలేక ఆగిపోయిన ఆఫీసరూ మిగిలారు.

"ఎక్కడికి తీసుకెళ్ళిందే దాన్ని? నీకు తెలుసు."

"తెలుసమ్మా. మంచి డాక్టరు దగ్గరికే." అంది చిన్ని. "ఎక్కడన్నది వదినని అడిగి చెబుతాను."

కొడుతుందనుకుంది. కొట్టినా పడేది. నర్సమ్మ కొట్టలేదు, అరవలేదు. రోజూ తల్లులు కూర్చునే కుర్చీల్లో ఒకటి లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ చేతుల కేసే చూసుకుంది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. సాయంత్రంలోగా పై ఆఫీసుకి ఒక మాట చెప్పాలనీ, ఊరంతటా మొదలుపెట్టమని రాసుకోమంటారా, వద్దని రాసుకోమంటారా అనీ నర్సమ్మనే అడిగాడు.

ఆవిడ ఆయన కేసి చూడలేదు.

"మా కోడలు కాక ఇంకా ఎంతమందే?" అంది కూతురితో.

చిన్ని అబద్ధం చెప్పలేకపోయింది. ఓదార్చాలని ఎంతగా అనిపించినా చెప్పలేకపోయింది.

"తెలీదమ్మా. ఇంకా సగం ఇళ్ళకి కూడా వెళ్ళలేదు నేను."